నీళ్ల చప్పుడు మధ్య దాహం

(శ్రమల దినాల్లో, అంటే ఈస్టరుకు ముందరి ఉపవాస దినాల్లో, ఒక శుక్రవారం సాయంత్రం నల్లగొండలో జరిగిన కూటంలో ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్ చేసిన ప్రసంగం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలతో సహా, మాట్లాడినట్టే రాసిన పాఠం.)

అందరికీ ప్రభువు పేరట వందనాలు. వెనక నిలబడ్డ తమ్ముళ్లు లోపలికి రండి, ముందర చాపల మీద చోటుంది. బాబూ, ఆ కూలర్ ఒక్కటి బంద్ చెయ్. నా గొంతు దానితో పోటీ పడలేదు. అమ్మలకు ఉక్కపోస్తే మళ్లీ వేద్దాం.

అయ్యగారు నాకు అప్పజెప్పిన అంశం, దేవుని కోసం ప్రాణం పడే ఆరాటం. నేను అయ్యగారిలాగా వేదాంత కాలేజీలో చదువుకున్నవాణ్ణి కాదు. బళ్లో పిల్లలకు సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. అందుకే నాకొక అలవాటుంది. బైబిల్లో ఊరి పేరో, కొండ పేరో వస్తే ముందు మ్యాపు తీస్తాను. ఈ రోజు 42వ కీర్తనను కూడా అట్లాగే చూద్దాం.

మొదటి వచనం అందరికీ నోటికి వచ్చు. "దుప్పి నీటివాగులకొరకు ఆశపడునట్లు దేవా, నీకొరకు నా ప్రాణము ఆశపడుచున్నది." దీన్ని గోడల మీద రాసుకుంటాం, క్యాలెండర్ల మీద అచ్చు వేయించుకుంటాం. పక్కన ఒక దుప్పి బొమ్మ, దాని ముందర నీలంగా ఒక సెలయేరు. ఆ బొమ్మతోనే నాకు పేచీ. బొమ్మలో దుప్పి హాయిగా నీళ్లు తాగుతుంటుంది. కీర్తనలో దుప్పికి నీళ్లు దొరకలేదు. దొరికి ఉంటే ఈ కీర్తనే పుట్టేది కాదు.

దుప్పి సంగతి మన జిల్లావాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. దేవరకొండ దాటి, డిండి దాటి అమ్రాబాద్ అడవి వైపు పోతే ఎండాకాలం వాగులు ఎట్లా ఉంటాయో చూసే ఉంటారు. ఫారెస్టోళ్లు నేల మీద సాసర్ లాగా తొట్లు కట్టి ట్యాంకర్లతో నీళ్లు పోయిస్తారు. నీళ్లున్న ఆ కాస్త జాగా దగ్గరే చిరుతపులి కూడా మాటు వేస్తుంది. దుప్పికి అది తెలుసు. చెవులు రిక్కించి, నాలుగడుగులు వేసి, ఆగి, మళ్లీ నాలుగడుగులు వేసి అక్కడికే వస్తుంది. రాకపోతే ఎట్లాగూ చస్తుంది కాబట్టి. కీర్తనకారుడి ఆశ ఆ జాతిది. ఆదివారం పొద్దున కాస్త తీరిక దొరికినప్పుడు పుట్టే ఆశ కాదు.

ఇక మ్యాపు. ఇతను ఎక్కడ కూర్చుని ఈ పాట కట్టాడు? 6వ వచనంలో తనే చెబుతున్నాడు. యొర్దాను ప్రదేశం, హెర్మోను పర్వతం, మిసారు కొండ. హెర్మోను 2,814 మీటర్ల ఎత్తు కొండ. చలికాలమంతా మంచు పడుతుంది. ఆ మంచు కరిగి, రాళ్లలోకి ఇంకి, కొండ అడుగున ఊటలై పైకి ఉబుకుతుంది. దాను దగ్గర ఒకటి, బనియాస్ దగ్గర ఒకటి. ఆ ఊటలే కలిసి యొర్దాను నది అవుతాయి. ఆ దేశం మొత్తం మీద నీళ్లకు కొదువ లేని చోటు ఏదైనా ఉంటే అదే. 7వ వచనంలో జలప్రవాహాల హోరు కూడా వినిపిస్తుంది, కరడు కరడును పిలుస్తోంది అంటాడు.

అంటే ఏమిటి? దేశంలో అన్నిటికన్నా ఎక్కువ నీళ్లున్న చోట కూర్చుని, చెవుల్లో జలపాతాల మోత వింటూ, ఈ మనిషి నాకు దాహమేస్తోంది అంటున్నాడు!

నేను చాలాకాలం ఈ కీర్తన ఎడారిలో పుట్టిందనుకునేవాణ్ణి. ఎడారిలో పుట్టిన కీర్తన వేరే ఉంది, 63వది. "నీళ్లు లేక యెండియున్న దేశమందు" అని దావీదు పాడినది. అక్కడ బయటా ఎండే, లోపలా ఎండే. 42లో బయట అంతా పచ్చగా ఉంది. లోపలే ఎండిపోయింది. ఇది మరీ కష్టం, ఎందుకంటే ఎవరికీ చెప్పుకోలేం. పిల్లలు సెటిలయ్యారు, ఇల్లు కట్టుకున్నారు, షుగరు కంట్రోల్లోనే ఉంది, ఇంకా నీకేం తక్కువ అంటారు. ఏం తక్కువో ఇతను చెబుతున్నాడు. "దేవుని సన్నిధికి నేనెప్పుడు వచ్చెదను?" ఇతను కోరహు కుమారుల్లో ఒకడు. అంటే ఆలయంలో పాడే వంశం. ఆ ఆలయం యెరూషలేములో ఉంది. హెర్మోను పాదాల నుంచి నూట అరవై కిలోమీటర్ల పైమాటే.

4వ వచనంలో పాత రోజులు గుర్తు చేసుకుంటాడు. పండుగ చేసుకునే జనంతో కలిసి నడిచిన సంగతి తలుచుకుంటే నా ప్రాణం కరిగిపోతోంది అంటాడు. పాలమూరు నుంచి ముంబయికో పుణేకో పోయిన కూలీలకు ఈ వచనం విడమరచి చెప్పక్కర్లేదు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని నారాయణపేట, కోస్గి, మద్దూరు నుంచి బస్సెక్కినవాళ్లు, డిసెంబరు వచ్చిందంటే ఊళ్లో గుడి, రాత్రి డప్పుతో ఇంటింటికీ తిరిగి పాడిన పాటలు గుర్తొచ్చి, రేకుల షెడ్డులో కళ్లు తుడుచుకున్నవాళ్లు. వాళ్లకు ఆదివారం సెలవు కూడా ఉండదు. స్లాబు పోసే రోజైతే అసలే ఉండదు. మనం ఇక్కడ ఫ్యాన్ల కింద కూర్చుని ఆత్మీయ జీవితం అంటే వారానికెన్ని కూటాలకు పోయామో లెక్కేస్తుంటాం. ఆ లెక్కలో వాళ్ల మార్కులు సున్నా. 42వ కీర్తన రాసినవాడి మార్కులు కూడా సున్నానే. గుడికి పోలేని మనిషి రాసిన పాట ఇది.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. ఇది కొంతమందికి నచ్చకపోవచ్చు.

మన సంఘాల్లో సాక్ష్యం చెప్పే పద్ధతి ఒకటుంది. అప్పుడు నాకు శాంతి లేదు, ఆశ లేదు, ప్రభువును నమ్ముకున్నాను, ఇప్పుడు నాకు ఏ కొరతా లేదు. వెంటనే చప్పట్లు. అబద్ధమని నేననను. ఆ మొదటి సంతోషం నిజమే, దేవునికి స్తోత్రం. కానీ విన్నవాళ్లకు అందులోంచి ఒక లెక్క తయారవుతుంది. నమ్మినవాడికి దాహం ఉండకూడదు, ఉంటే వాడి నమ్మకంలో ఏదో లోటుంది అని. అందుకే లోపల ఎండిపోతున్నా పైకి "బాగున్నామండీ, ప్రభువు కృప" అంటాం. నాకు తెలిసిన పెద్దవాళ్లు కొందరు అట్లాగే అంటూ పోయారు. ఒక్కసారైనా మనసు విప్పి చెప్పుకుంటే ఎంత తేలికపడేవారో.

కీర్తనకారుడు దేవుణ్ణి ఎరగనివాడు కాదు. ఎరిగినవాడు, ఆయన సన్నిధిలో పాడినవాడు. రుచి తెలుసు కాబట్టే దాహం. ఎప్పుడూ తినని పండు కోసం ఎవడూ ఏడవడు.

అగస్టీను భక్తుడి సంగతి విన్నారు కదా. ఇప్పటి అల్జీరియాలో తగస్తె అనే ఊళ్లో 354లో పుట్టాడు. వక్తృత్వం చెప్పే పంతులు, తెలివైనవాడు, మంచి పేరు. తల్లి మోనికా ఏళ్ల తరబడి ఏడ్చి ప్రార్థన చేసింది. 386లో మిలాను పట్టణంలో ఒక తోటలో అతని మనసు మారింది. 387లో ఈస్టరు పండుగకు అక్కడి బిషపు అంబ్రోసు చేత బాప్తిస్మం పొందాడు. అతను ఆత్మకథ లాంటిది ఒకటి రాశాడు, దేవునితో మాట్లాడుతున్నట్టు. దాని మొదట్లోనే అందరూ ఎత్తి చెప్పే మాట ఉంది. నీవు మమ్మల్ని నీ కోసం చేశావు, నీలో విశ్రమించేదాకా మా హృదయానికి నెమ్మది లేదు అని. మన ప్రసంగాల్లో ఈ మాటను మారుమనస్సు లేనివాళ్ల మీదికి విసురుతుంటాం, చూశారా మీకు నెమ్మది లేదు అని. తారీఖులు చూడండి. ఆ పుస్తకం రాయడం మొదలుపెట్టింది 397 ప్రాంతంలో. అప్పటికి బాప్తిస్మమై పదేళ్లు. అప్పటికే హిప్పో పట్టణానికి బిషపు. పదో భాగంలో ఇంకో మాట ఉంది. దేవా, నిన్ను రుచి చూశాను, ఇప్పుడు నాకు ఆకలి, దాహం. నీవు నన్ను తాకావు, నీ శాంతి కోసం మండిపోయాను. చూశారా వరస! ముందు రుచి, తర్వాత ఆకలి. మనం తిరగేసి చెబుతుంటాం.

అట్లయితే యేసు ప్రభువు సమరయ స్త్రీతో, నేనిచ్చు నీళ్లు త్రాగువాడు ఎప్పుడూ దప్పిగొనడు అన్నాడే, అదేమిటి అని మీలో ఎవరికో వచ్చే ఉంటుంది. దాని దగ్గరికి వస్తాను. ముందు మన నల్లగొండ నీళ్ల సంగతి.

మన జిల్లా ప్రపంచానికి తెలిసింది దేనితో? నాగార్జునసాగర్‌తో, ఫ్లోరైడ్‌తో. సాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు పునాదిరాయి వేశారు. 1967లో కాలువల్లోకి నీళ్లొదిలారు. పక్కన అంత సముద్రం ఉన్నా మర్రిగూడ, మునుగోడు, నారాయణపూర్, చండూరు వైపు మెట్ట ఊళ్లకు మాత్రం బోరు నీళ్లే గతి. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదనేది లెక్క. ఆ ఊళ్లలో ఎన్నో చోట్ల బోర్లలో అంతకు ఎన్నో రెట్లుండేది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతి ఒకటి నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు కనిపెట్టి, దానికి మన ఊరి పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. మంచి పేరు రావడానికి మన ఊరికి దొరికిన దారి అది, ఏం చేస్తాం.

బళ్లో ఈ పాఠం చెప్పేటప్పుడు పిల్లలు ఒకటే అడిగేవారు. సార్, మరి తాగేటప్పుడు తెలియదా? తెలియదు. రంగుండదు, వాసనుండదు, రుచిలో తేడా ఉండదు. కొన్ని బోర్ల నీళ్లు చెరువు నీళ్లకన్నా తేటగా ఉంటాయి. మరిగించినా పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. దాహం తీరుతుంది, అది మాత్రం నిజం. గొంతు చల్లబడుతుంది. నష్టం గొంతులో జరగదు, బొక్కల్లో జరుగుతుంది. కొంచెం కొంచెంగా బొక్కల్లో చేరి, పళ్లకు గార పట్టించి, కీళ్లు బిగించి, మనిషిని వంచేస్తుంది.

యిర్మీయా 2వ అధ్యాయం 13వ వచనం తీయండి. దేవుడు అంటున్నాడు, నా జనులు రెండు నేరాలు చేశారు. జీవజలముల ఊటనైన నన్ను విడిచారు, బద్దలై నీళ్లు నిలవని తొట్లు తొలిపించుకున్నారు. ఆ దేశంలో సున్నపురాతిని తొలిచి, లోపల గచ్చు పూసి వాననీళ్లు పట్టేవారు. గచ్చు పగిలితే నీళ్లు రాతిలోకి పోతాయి. యిర్మీయా కాలపు జనానికి దాహం ఉండటం నేరమని దేవుడు అనలేదు. దాహం ఆయన పెట్టిందే. దాన్ని ఎక్కడ తీర్చుకుంటున్నారన్నదే ఆయన తగాదా.

మనుషులు దేవుని దాహాన్ని వేరే నీళ్లతో తీర్చుకోవడం అంటే మనం వెంటనే సారా, సినిమా, సెల్‌ఫోను అంటాం. అది సులువు. వాటిలో విషం ఉందని తాగేవాడికే తెలుసు. ఫ్లోరైడ్ నీళ్లు వేరే. అవి మన కూటాల్లోనే దొరుకుతాయి, తేటగా ఉంటాయి. వీసా వస్తుందని చేయించే ప్రార్థన, ప్లాటు రిజిస్ట్రేషన్ అవుతుందని రాసే నూనె, పెద్ద పెద్ద స్పీకర్లు, పలానా దైవజనుని పక్కన ఫొటో. వీటన్నిటిలో దేవుని పేరు ఉంటుంది. గొంతు చల్లబడుతుంది. ఇంటికి పోయి పడుకుంటే నిద్ర కూడా పడుతుంది. అవసరాల కోసం ప్రార్థన చేయొద్దని నేననడం లేదు, అనుదినాహారం అడగమని ప్రభువే నేర్పాడు. ఆయన చేతిలో ఉన్నదాని మీదే చూపు పెట్టి ఆయన ముఖం వైపు చూడటం మానేస్తే, పదేళ్లకో ఇరవై ఏళ్లకో లోపల మనిషి వంగిపోతాడు. కూటాలకు వస్తూనే ఉంటాడు.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి, లేకపోతే తప్పుగా అర్థమవుతుంది. ఫ్లోరైడ్‌తో నడుము వంగిన మనిషి తప్పేమీ లేదు. ఆ ఊళ్లో ఉన్న నీళ్లే అవి. వేరే నీళ్లు తెచ్చివ్వాల్సినవాళ్లు దశాబ్దాలు ఆలస్యం చేశారు. ఇప్పుడు మిషన్ భగీరథలో నల్లాలకు కృష్ణా నీళ్లొచ్చాయి, మంచిదే. వంగిన బొక్కలు మాత్రం తిరిగి నిటారు కాలేదు. దేవుని సంగతిలో కూడా అంతే. పక్కవాడు ఏదో నూనెసీసా పట్టుకుని తిరుగుతున్నాడని నవ్వుకునే ముందు, వాడికి మంచి నీళ్లు ఎవరు తెచ్చిచ్చారో అడుగుదాం. చర్చిలో మనం వాడికి ఏమిచ్చాం? ఎలక్షన్ గొడవలు, కమిటీ తగాదాలు, స్థలం కేసులు. దాహంతో వచ్చినవాడికి ఇవి పోస్తే వాడు వేరే బోరింగు దగ్గరికి పోడా? యిర్మీయా మాట నేను ముందు మా పెద్దల వైపు, నా వైపు తిప్పి చదువుకుంటాను.

(సభలో ఎవరో "ఆమేన్" అన్నారు.)

ఆమేన్ అన్నాయన కమిటీలో ఉన్నాడు, నోట్ చేసుకోండి.

సరే, ఇందాక ఆపిన సమరయ స్త్రీ సంగతికి వద్దాం, సుఖారు ఊరి బావి దగ్గరికి. యోహాను 4. మధ్యాహ్నం పన్నెండు. ప్రభువు నడిచి నడిచి అలసిపోయి యాకోబు బావి దగ్గర కూర్చున్నాడు. ఆ బావి ఇప్పటికీ ఉంది, నాబ్లస్ పట్టణం దగ్గర, దాని మీద గుడి కట్టారు. నూరడుగులకు పైగా లోతు. బావి లోతైనది, చేదుకోవడానికి నీ దగ్గర ఏమీ లేదే అని ఆమె అన్నది ఉన్న మాటే. ఆమె గురించి ఒక్కమాట. మన ప్రసంగాల్లో ఆమెను వ్యభిచారి అనకుండా ఎవరూ ముందుకు పోరు. యోహాను ఆ మాట రాయలేదు. ఐదుగురు పెనిమిట్లు అని రాశాడు. ఆ కాలంలో విడాకులు ఎక్కువగా మగవాడి చేతిలో ఉండేవి. కొందరు చచ్చిపోయి ఉండొచ్చు, కొందరు వదిలేసి ఉండొచ్చు. ఆమెకు ఎంత దుఃఖం జరిగిందో ఎవరూ లెక్కపెట్టరు.

ప్రభువు ఆమెతో అన్న మొదటి మాటేమిటి? నాకు దాహానికి ఇమ్ము. ఆమెకు దిమ్మ తిరిగింది. యూదుడవైన నీవు సమరయ స్త్రీనైన నన్ను ఎట్లా అడుగుతున్నావు అంది. యూదులు సమరయులతో సాంగత్యం చేయరని యోహాను అక్కడే వివరం రాశాడు. ఈ వివరం మన తాతమ్మలకు అక్కర్లేదు. మాలవాడ, మాదిగవాడ నుంచి కుండ పట్టుకుని పోయి ఊరి బావికి దూరంగా నిలబడి, పై కులం వాళ్లెవరైనా దయతలిచి పోస్తే పట్టుకున్నవాళ్లు. బావి గట్టు ఎక్కనివ్వలేదు, చేద ముట్టనివ్వలేదు. 1890లో రష్యా నుంచి అబ్రహాము ఫ్రీజెన్, ఆయన భార్య మరియ ఈ నల్లగొండకు వచ్చారు, మెన్నోనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు. తర్వాత నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, మహబూబ్‌నగర్ దాకా ఆ సేవ పాకింది. పల్లెల్లో చెట్ల కింద ఈ అధ్యాయం చదివి వినిపించినప్పుడు మనవాళ్లకు ఎట్లా తగిలి ఉంటుందో ఊహించుకోండి. దేవుడు వచ్చి, మీ కుండలో నీళ్లు నాకు పోయండి అంటున్నాడు! ఆ రోజు వరకు వాళ్లను అట్లా అడిగినవాడు లేడు. నీళ్లు దొరుకుతాయన్న ఆశ ఒకటి. నా చేతి నీళ్లు తాగేవాడు ఒకడున్నాడన్న తెలివిడి ఇంకొకటి. మన పెద్దల్ని క్రీస్తు వైపు లాగింది ఈ రెండోదే అని నా నమ్మకం. బియ్యానికి, గోధుమపిండికి మతం మారారని తేలిగ్గా మాట్లాడేవాళ్లకు ఆ దాహం కనపడదు. మనిషి అనిపించుకోవాలన్న దాహం కూడా దేవుని కోసం పడే దాహంలో భాగమే. తన పోలికలో చేసింది ఆయనే కదా.

ఇప్పుడు ఆ "ఎప్పుడును దప్పిగొనడు" అన్న మాట. వచనం అక్కడితో ఆగిపోలేదు, తర్వాత సగం చదవండి. ఆ నీళ్లు నిత్యజీవమునకై వానిలో ఊరెడి నీటి బుగ్గగా ఉండును. ఒక బిందె నీళ్లిచ్చి పంపిస్తానని కాదు, బుగ్గనే నీలో పెడతానని. బుగ్గ అంటే తాగడం అయిపోవడం కాదు. ఇక ఎవరి గట్టు దగ్గరా చెయ్యి చాపి నిలబడక్కర్లేదు, అంతే. ఆమె మాత్రం ఏమడిగింది? చేదుకోవడానికి ఇంత దూరం రాకుండా ఆ నీళ్లు నాకు దయచేయి అంది. పాపం, ఆమెకు కావాల్సింది నడక తప్పడం. మనం కూడా చాలావరకు అదే అడుగుతాం. ప్రభువు విసుక్కోలేదు. అక్కడి నుంచే మాట కలిపి, ఆరాధన దాకా, మెస్సీయ దాకా తీసుకుపోయాడు. చివరికి ఆమె కుండ అక్కడే వదిలేసి ఊళ్లోకి పరుగెత్తింది. ఆయనకు నీళ్లు పోసిందో లేదో యోహాను రాయలేదు.

ఆ దాహం అట్లా మిగిలిపోయింది. 19వ అధ్యాయంలో మళ్లీ వస్తుంది. జీవజలం ఇస్తానన్నవాడు సిలువ మీద "నేను దప్పిగొనుచున్నాను" అంటాడు. స్పంజీలో చిరక, అంటే పులిసిన ద్రాక్షరసం, ఇచ్చారు. శుభశుక్రవారం ఏడు మాటల్లో ఐదో మాటగా దీన్ని చెప్పుకుంటాం. ఆ మాట వచ్చేసరికి సగంమంది టైం చూసుకుంటారు, చెప్పేవాడు కూడా శరీర బాధ అని రెండు ముక్కలు చెప్పి ఆరో మాటకు పోతాడు. శరీర బాధే, కాదనను. రక్తం పోయినవాడికి భయంకరమైన దాహం వేస్తుంది. మదర్ తెరెసా అంతటితో ఆగలేదు. ఆమె స్థాపించిన సిస్టర్ల ప్రతి ప్రార్థన గదిలో సిలువ పక్కన గోడ మీద ఈ మాటే రాసి ఉంటుంది. దేవునికి మనుషుల మీద ఉన్న దాహం అని ఆమె చదువుకుంది. ఆదికాండంలో దేవుడు మనిషిని అడిగిన మొదటి ప్రశ్న ఏమిటి? నీవు ఎక్కడ ఉన్నావు? మనం వెదకడం మొదలుపెట్టక ముందే వెదికినవాడు ఒకడున్నాడు.

ఆ తెరెసమ్మ గురించే ఇంకొక సంగతి. 1997లో ఆమె పోయింది. 2007లో ఆమె ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. లోకానికి తెలియనిది అందులో బయటపడింది. సేవ మొదలుపెట్టిన రోజుల నుంచి దాదాపు యాభై ఏళ్లు ఆమెకు లోపల చీకటే. ప్రార్థిస్తే ఏమీ వినపడదు, దేవుడు ఉన్నాడో లేడో అన్నంత ఒంటరితనం. కొన్ని పేపర్లు దీన్ని గుట్టు రట్టైనట్టు రాశాయి. నాకైతే 42వ కీర్తన ఇంకోసారి చదివినట్టే ఉంది. "నీ దేవుడు ఏమాయెను" అని కీర్తనకారుణ్ణి శత్రువులు రెండుసార్లు అడుగుతారు. ఆమెను లోపలి గొంతే అడిగింది. ఆమె మాత్రం కలకత్తా రోడ్ల మీద పడి ఉన్నవాళ్లకు గ్లాసుతో నీళ్లు పడుతూనే ఉంది.

ఇక కీర్తనకారుడు ఏం చేశాడో చూసి ఆపేస్తాను. ఫిర్యాదు చేశాడు. నా ఆశ్రయదుర్గమా, "నీవేల నన్ను మరచియున్నావు?" ఇది భక్తి లేని మాటలా ఉంటుంది. మన ఊళ్లలో ముసలమ్మలకు ఈ పద్ధతి బాగా తెలుసు. పొలం ఎండినా, బిడ్డ పోయినా, మోకాళ్ల మీద కూర్చుని, ఏం దేవుడవయ్యా నువ్వు, నీకు చెవులున్నాయా అని నిలదీసి, చివర్లో ఆమేన్ అనేవారు. కొత్తగా చదువుకున్న మనం వాళ్లకు మర్యాద నేర్పించబోయాం. అక్కర్లేదు. మాట్లాడటం మానేసిన కొడుక్కన్నా కొట్లాడే కొడుకు నయం. అదీగాక ఇతను తన ప్రాణంతోనూ మాట్లాడతాడు. "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" 42లో రెండుసార్లు, 43లో ఇంకోసారి, అదే పల్లవి. మొదటిసారికే జవాబు వచ్చి ఉంటే మూడోసారి అడిగేవాడు కాదు. మూడోసారి దగ్గర కూడా పరిస్థితి మారలేదు, ఇంకా హెర్మోను దగ్గరే ఉన్నాడు. కాకపోతే 43లో ఒకటి అడుగుతాడు, నీ వెలుగును నీ సత్యమును బయలుదేరజేయుము, అవి నాకు త్రోవ చూపును అని. దారి అడిగాడు.

నా మాట అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి. మైకు అటివ్వు బాబూ.

(ఒక డిగ్రీ విద్యార్థిని: సార్, మీరు దాహం ఉన్నవాళ్ల గురించి చెప్పారు. నాకు అసలు దాహమే లేదు. ప్రార్థనలో కూర్చుంటే ఏమీ అనిపించదు. చిన్నప్పటి నుంచి అలవాటు కాబట్టి వస్తున్నాను.)

మంచిగ అడిగావు బిడ్డా. ఇంతమంది ముందు ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. ముందు, నిన్ను నువ్వు తిట్టుకోకు. ముసలివాళ్లను ఎండాకాలం ఆస్పత్రికి తెస్తారు, డాక్టరు నీళ్లు తాగడం లేదా అంటే, దాహం కాలేదు సార్ అంటారు. ఒంట్లో నీళ్లు తగ్గినా దాహం తెలియని స్థితి అది. డాక్టరు వాళ్లను దాహం పుట్టేదాకా ఆగమనడు. కొద్దికొద్దిగా తాగించమంటాడు. నీకు పెద్ద పెద్ద ప్రార్థనలు వద్దు. రోజుకొక కీర్తన, గొంతెత్తి చదువు. ఏమీ అనిపించకపోతే అనిపించలేదనే ఆయనకు చెప్పు. ఇంకొకటి. దాహమే లేనిదానివైతే ఈ ప్రశ్న అడిగేదానివి కాదు.

(ఒక పెద్దాయన: మా వాడు హైదరాబాదులో ఉంటాడు, చర్చికి పోవడం మానేశాడు. ఎంత చెప్పినా వినడు. ఏం చేయాలె?)

అన్నా, చెప్పడం ఆపి చూడు కొన్నాళ్లు. మోనికమ్మ అగస్టీను గురించి ఒక బిషపు దగ్గరికి పోయి, మీరైనా మావాడికి చెప్పండని బతిమాలింది. ఆయన చెప్పనన్నాడు. వాణ్ణి అట్లా ఉండనీ, వాడి కోసం ప్రార్థన చెయ్యి అన్నాడు. ఆమె వదలకుండా ఏడిస్తే, ఇన్ని కన్నీళ్ల బిడ్డ నశించడం జరగదు, ఇక పో అన్నాడట. కొంచెం విసుగ్గానే అన్నాడు, పాపం. మీ వాడు ఇంటికొచ్చినప్పుడు చర్చి సంగతి ఎత్తకు. వాడికి ఇష్టమైన కూర వండించు, పక్కన కూర్చో, ఆఫీసులో టెన్షన్ ఎట్లా ఉంది అని అడుగు. వాడు లోపల దేనికోసం ఎండిపోతున్నాడో వాడి నోటితో వినాలి. విన్నాక ఏం చేయాలో మనం కలిసి మాట్లాడుకుందాం, నా ఇల్లు నీకు తెలుసు.

దేవరకొండ బస్సుకు పోయేవాళ్లు ఇక లేవండి, ఆలస్యమైతే మళ్లీ ఆటోకు మూడింతలు అడుగుతారు. వచ్చే శుక్రవారం 43వ కీర్తన చదువుకుని రండి, ఐదే వచనాలు. కూలర్ వెయ్యి బాబూ.